రెండు జానల గొడుగు

రాజోలులో పాతికేళ్ళకు పైగా నేను కుట్టినవాటిని జనం రకరకాల పేర్లతో పిలిచారు. నాటకాలవాళ్ళు డ్రెస్సులన్నారు, చర్చివాళ్ళు వస్త్రాలన్నారు, బడివాళ్ళు వేషాలన్నారు. నేను గుర్తు అంగీలు అనేదాన్ని. మెడకు కంత పెట్టిన పొడవాటి గుడ్డ. ముందొక పలక, వెనకొక పలక. పక్కలు కుట్టకుండా నాడాలతో కట్టుకోవడం. రొమ్ము మీద ఒక గుర్తు, వీపు మీద అదే గుర్తు. మిషను తొక్కడం వచ్చినవాళ్ళెవరైనా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. జీవితమంతా కుట్టి కూడా నేర్చుకోనివాళ్ళని చాలామందిని చూశాను.

ఈ మధ్య మా వైపు అమ్మాయిలు కొందరు ఈ పనిలోకి దిగుతున్నారు. ఫోనులో బొమ్మ చూపించి, "ఇలాంటిది కుట్టాలండీ, ఎలా మొదలుపెట్టమంటారు?" అని అడుగుతున్నారు. ఆ బొమ్మలో తళుకుంటుంది, అంచుంటుంది, కుచ్చులుంటాయి. ఆ మనిషి ఎవరో చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. వాళ్ళకు విడివిడిగా చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకని రాస్తున్నాను.

ఎక్కువ మెరిసినవాడే రాజు

మిషనరీల బడిలో ఎనిమిది దాకా చదివి, అక్కడే కుట్టు నేర్చుకుని, డెబ్భైల మొదట్లో అమలాపురంలో ఒక డ్రామా సామాన్ల దుకాణంలో చేరాను. యజమాని పేరు బుచ్చియ్య గారు. కిరీటాలు, గదలు, పూసల దండలు, వెల్వెట్ కోట్లు అద్దెకిచ్చేవారు. ఆయనకు తెలిసిన విద్య ఒకటే, ఖాళీ కనిపిస్తే చమ్కీ కుట్టించడం.

"లైటు పడితే మెరవాలి కరుణమ్మా. మెరిస్తే రాజు, మెరవకపోతే బంటు" అనేవారు.

"అందరూ మెరిస్తే రాజెవరో ఎలా తెలుస్తుందండీ?"

"ఎక్కువ మెరిసినోడు."

దీనికి జవాబు చెప్పడం అనవసరం కాబట్టి చెప్పేదాన్ని కాదు.

ఒకసారి కొత్తపేటలో నాటకానికి రాజు గారి రొమ్ము మీద సింహం కావాలన్నారు. జూలుకు బంగారు చమ్కీ, ఒంటికి వెండి చమ్కీ, కళ్ళకు ఎర్ర పూసలు. దగ్గర పెట్టుకుని చూస్తే ముచ్చటగానే ఉంది. నేనే కుట్టాను కాబట్టి నాకూ ముచ్చటగానే కనిపించింది. రాజు వేదిక మీదికొచ్చాడు. లైటు పడింది. జూలు, ఒళ్ళు, తోక అన్నీ కలిసి ఒకటే మెరుపు ముద్ద. అందులోంచి రెండు ఎర్ర కళ్ళు, నాలుగు కాళ్ళు. నేల మీద కూర్చున్నవాళ్ళలోంచి ఎవరో తీరిగ్గా అన్నారు.

"రాజు గారండీ, కుక్కని బయట కట్టేసి రండి."

ఆ తర్వాత పద్యం ఎత్తుకోవడం ఆ నటుడి వల్ల కాలేదు. బుచ్చియ్య గారు మొదట లైట్లవాణ్ణి తిట్టారు, తర్వాత నటుణ్ణి తిట్టారు, తర్వాత నన్ను తిట్టారు. చమ్కీని మాత్రం ఒక్క మాట అనలేదు. పైగా తర్వాతి సింహానికి ఇంకాస్త ఎక్కువ చమ్కీ పెట్టమన్నారు, మెరుపు చాలక కుక్కలా కనిపించిందట. ఇలాంటి యజమాని మీకూ దొరుకుతాడు. ఆయన దగ్గర జీతం తీసుకోండి. పాఠం మాత్రం తీసుకోకండి.

వంటల పుస్తకాలు ఆ బీరువాలో ఉన్నాయి

అమలాపురం మానేసి రాజోలు వచ్చి, బజారులో చిన్న గది అద్దెకు తీసుకుని సొంతంగా మిషను పెట్టుకున్నాను. ఆ గది ఎవరిదో ముందుముందు చెబుతాను, ఈ కథకు అది అవసరం. గదికి నాలుగు అడుగుల్లో గ్రంథాలయం ఉండడం నా అదృష్టం. సాయంత్రం మిషను మూసి అక్కడికి పోయేదాన్ని.

లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు అద్దాల బీరువాలో ఉండేవి, తాళం వేసి. తియ్యమని అడిగితే లైబ్రేరియను గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"అవి మీకెందుకండీ? వంటల పుస్తకాలు ఆ బీరువాలో ఉన్నాయి."

"వంట వచ్చండి. ఇది రాదు. అందుకని అడుగుతున్నాను."

తాళం తీశారు. ఆ పుస్తకాలకు దుమ్ము దులిపిన మొదటి మనిషిని నేనే అయుంటాను. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీ చదివేదాన్ని. మా ఊళ్ళో కాలేజీ డిగ్రీలున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ బీరువా దగ్గర వాళ్ళెవరూ నాకు అడ్డం రాలేదు.

అక్కడే తెలిసింది. వెనకటికి ఐరోపా దేశాల్లో యుద్ధానికి వెళ్ళేవాళ్ళు తల నిండా ఇనుప టోపీ పెట్టుకునేవారు. ముఖం కనపడదు. ఎవడు మనవాడో, ఎవడు పగవాడో తెలియదు. అందుకని కవచం మీద ఒక అంగీ తొడిగి, దాని మీద ఇంటి గుర్తు వేసేవారు. సైనికుల్లో చదువొచ్చినవాళ్ళు తక్కువ, పేరు రాస్తే లాభం లేదు. దూరం నుంచి, దుమ్ములో, భయంలో ఉన్నవాడికి ఒక్క చూపులో తెలియాలి. మన రాజులకూ లాంఛనాలున్నాయి. జెండా మీద, నాణెం మీద, శాసనం తల మీద ఒక్కొక్కరిదీ ఒక్కో బొమ్మ. ఎక్కడైనా అవసరం ఒకటే.

రంగుల సంగతి కూడా వాళ్ళు తేల్చి పెట్టారు. తెలుపు, పసుపు ఒక జట్టు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ ఇంకో జట్టు. ఒక జట్టు గుడ్డ మీద అదే జట్టు బొమ్మ వెయ్యకూడదు. నీలం మీద నలుపు పెడితే పది గజాల్లో మాయమైపోతుంది. వందల ఏళ్ళ కిందట ఎవరో తెలుసుకున్న ఈ చిన్న సంగతి మన పెళ్ళి పందిళ్ళ బ్యానర్లవాళ్ళకు ఇవాళ్టికీ చేరలేదు.

జంతువుల సంగతి పుస్తకంలో కన్నా బడి ఆటల పోటీలో బాగా నేర్చుకున్నాను. ఒక హైస్కూలు వాళ్ళు అంగీల మీద గుర్రం కావాలన్నారు. గుడ్డ తిరగేసి కోసింది మా పనమ్మాయి, సగం గుర్రాలు అటు, సగం ఇటు తిరిగాయి. మార్చి కుడతానంటే హెడ్మాస్టరు గారు "గుర్రం గుర్రమే కదండీ, ఎటు చూస్తే ఏం?" అన్నారు. కవాతులో తెలిసింది ఏమైందో. అవతలి బడి పిల్లలు వరసగా నిలబడి, "మీ గుర్రాలు ఇంటికెళ్ళిపోతున్నాయండోయ్" అని సాగనంపారు. ఆ తర్వాత ముఖం ఉన్న బొమ్మ నేను కుట్టలేదు. తాళంచెవి ఎటూ పారిపోదు. నిచ్చెన ఎవరినీ చూసి భయపడదు.

కొలత కూడా అప్పుడే ఖాయం చేసుకున్నాను. గుర్తు అడ్డంగా రెండు జానలుండాలి. అంతకు తగ్గితే అది అలంకారం, గుర్తు కాదు. "కాస్త చిన్నదిగా, నాజూగ్గా పెట్టండి" అన్నవాళ్ళకు బొత్తాలు కుట్టించుకోమని చెప్పేదాన్ని.

లంకలో నాలుగు దేశాలు

డెబ్భైల చివర్లో మా చర్చి పాస్టరు గారు వేసవికి యువజనుల కోసం ఒక ఆట కనిపెట్టారు. మనిషి పిరికివాడే గాని ఊహ ఉన్నవాడు. దిండి వైపు గోదావరిలో ఒక లంక మీద మూడు రోజులు మకాం. వచ్చిన కుర్రాళ్ళూ అమ్మాయిలూ నాలుగు దళాలు. ఒక్కో దళం ఒక్కో దేశం. తాటాకులతో కోట కట్టుకోవాలి, నాయకుణ్ణి ఎన్నుకోవాలి, తమ దేశానికి చట్టం రాసుకోవాలి, రాయబారులను పంపుకోవాలి, అవతలి కోట జెండా ఎత్తుకురావాలి. మూడు రోజులూ ఆ దేశం మనుషుల్లాగే మాట్లాడాలి, మసలాలి. ఆట మధ్యలో సొంత పేరు పెట్టి పిలిస్తే తప్పు.

అంగీల కోసం నా దగ్గరికొచ్చారు. నాలుగు దళాల నాయకులూ వెంట వచ్చారు. ఏం గుర్తు కావాలంటే నలుగురూ సింహం అన్నారు. చదువుకున్న పిల్లలు.

"నలుగురికీ సింహమే అయితే ఎవరు ఎవర్ని కొడతారు?" అన్నాను.

"మాది పెద్ద సింహం పెట్టండి ఆంటీ" అన్నాడు ఒకడు.

బుచ్చియ్య గారు గుర్తొచ్చారు. కుక్క సంగతి చెప్పి, నేనే నాలుగు గుర్తులు పంచాను. ఎర్ర గుడ్డ మీద పసుపు తాళంచెవి, ఆకుపచ్చ మీద తెల్ల పడవ, నలుపు మీద పసుపు నిచ్చెన, నీలం మీద తెల్ల గొడుగు. గొడుగు వచ్చిన దళానికి నాయకురాలు సుశీల అని ట్రైనింగు కాలేజీలో చదువుతున్న అమ్మాయి. మూతి ముడుచుకుంది.

"మాకేంటండీ గొడుగు? యుద్ధానికెళ్తున్నామా, వానలో సంతకెళ్తున్నామా?"

"రాజులకు పట్టేది గొడుగే. లైబ్రరీకి వెళ్ళి చదువుకో."

చదివిందో లేదో తెలియదు గాని, ఆ పిల్ల బుర్ర ఉన్నది. తన దేశానికి చట్టం రాసింది. గొడుగు దేశంలోకి ఎవరొచ్చినా వాళ్ళని ఎండలో నిలబెట్టకూడదు. ఆ ఒక్క చట్టంతో రెండో రోజుకల్లా మిగతా మూడు దేశాల అలసిపోయినవాళ్ళంతా వీళ్ళ తాటాకు పాకలో కూర్చున్నారట. జెండా పోగొట్టుకున్నారు గాని జనాన్ని గెలుచుకున్నారు. అది విని నాకు మొదటిసారి నా పని మీద కాస్త గౌరవం కలిగింది.

రేవులో మాత్రం అందరికన్నా ముందు అంగీలు చదివినవాడు పడవ సరంగు. అతనికి అక్షరం రాదు. అన్ని ముఖాల్లో ఎవరెవరో తెలియదు. అయినా గట్టు మీద నిలబడి చక్కగా పిలిచి ఎక్కించాడు.

"ఆయ్, తాళంచెవోళ్ళు ముందెక్కండి. నిచ్చెనోళ్ళు అటు జరగండి. గొడుగోళ్ళు రెండో తడవకండి."

పుస్తకంలో చదివిందంతా ఆ మనిషి నోట్లోంచి వింటున్నట్టనిపించింది.

ఊరికే వచ్చిన నీలం గుడ్డ

ఇప్పుడు గది యజమాని సంగతి. నా మిషను గది, దాని పక్క నాలుగు గదులు మా పంచాయతీ ప్రెసిడెంటు గారివి. కొబ్బరి తోటలు, వరి చేలు బాగా ఉన్న కుటుంబం. పదవి పేరు సర్పంచి అని మారినా అందరూ ప్రెసిడెంటు గారనే అనేవారు. ఆ కుర్చీలో ఆయన చాలా ఏళ్ళుగా కూర్చున్నారు, ఎదురు ఎవరూ నిలబడకుండా. మా చర్చివాళ్ళుండే పేటలో ఓట్లు ఎక్కువ కాబట్టి చర్చి పనులకు అప్పుడప్పుడు ఏదో ఒకటి ఇస్తుండేవారు. అంగీల గుడ్డ అంతా తానే ఇస్తానన్నారు. పాస్టరు గారు ప్రార్థనలో ఆయన పేరు చెప్పి కృతజ్ఞతలు చెల్లించారు.

గుడ్డ వచ్చింది, ఆయన బావమరిది కొట్లోంచి. నీలం తానును తడిపి తెల్ల గుడ్డ మీద రుద్దాను. తెల్ల గుడ్డ నీలమైంది.

"రంగు నిలవదండి ఇది. రెండు ఎండలు తగిలితే వెలిసిపోతుంది. కాస్త మంచిది ఇప్పించండి" అన్నాను.

"ఆటకేగా అండి. పెళ్ళికా ఏంటి?" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. మన పనిలో అందరికన్నా ఎక్కువసార్లు వినేది ఇదే. ఆటకేగా, నాటకానికేగా, పిల్లలకేగా. ఇలా అన్నవాళ్ళందరూ నలుగురూ చూసే వేళకు మాత్రం ఆ గుర్తును నిజమైనదిగానే పట్టించుకుంటారు.

ఆయన చెప్పినట్టే ఆ గుడ్డతోనే కుట్టాను. గొడుగు బొమ్మను తెల్ల గుడ్డలో కోసి, అంచు లోపలికి మడిచి, అంగీ మీద పరిచి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టు. తెల్ల గుడ్డ నేను కొన్నది. గట్టిది.

మూడు వేసవులు ఆ అంగీలు లంకకు వెళ్ళొచ్చాయి. మధ్యలో క్రిస్మసు ఊరేగింపుకు, బడి ఆటలకు ఎవరడిగితే వాళ్ళకి పాస్టరు గారు ఇచ్చేవారు. కాలవలో ఉతికారు, గట్టు మీద పరిచి ఆరేశారు. నీలం పోయి బూడిద రంగు మిగిలింది. తెల్ల గొడుగు మాత్రం చెక్కు చెదరలేదు.

గొడుగు ఎవరిది?

ఎనభైల మొదట్లో సర్పంచి ఎన్నికలొచ్చాయి. ఆ ఏడు ప్రెసిడెంటు గారికి ఎదురుగా దానియేలు మాస్టారు నామినేషను వేశారు. ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, పేటలోనే ఇల్లు. వాళ్ళ నాన్నగారు ప్రెసిడెంటు గారి చేలల్లోనే పని చేశారు. అలాంటి ఇంట్లోంచి ఒక మనిషి ఆ కుర్చీకి పోటీ పడడం మా ఊళ్ళో అదే మొదలు. నామినేషను వెనక్కి తీసుకోమని చెప్పడానికి వచ్చినవాళ్ళు వచ్చారు, చెప్పినవాళ్ళు చెప్పారు. ఆయన కాఫీ ఇచ్చి పంపించేశారు.

పోటీదార్లకు గుర్తులు పంచారు. దానియేలు మాస్టారికి గొడుగు వచ్చింది.

ఇందులో ఎవరి కుట్రా లేదు. చదువు రానివాళ్ళు ఓటు కాగితం మీద ఒక్క చూపులో పోల్చుకోవాలని ఎన్నికలవాళ్ళు గొడుగు, తాళంచెవి, నిచ్చెన లాంటివి జాబితాలో పెట్టారు. సరిగ్గా ఆ కారణానికే నేనూ వాటిని అంగీల మీద పెట్టాను. ఇద్దరం ఒకే లెక్క చేస్తే ఒకే జవాబు వచ్చింది. ఇది ప్రెసిడెంటు గారికి చెప్పిచూశాను. అది ఆయన బుర్రకు ఎక్కే సంగతి కాదు.

ఆ ఏడు మకాం శనివారం మొదలు. ఓట్లు ఆ మంగళవారం. గొడుగు దళం అంగీలు వేసుకుని, పేటలోంచి బయల్దేరి, బజారు మీదుగా, ఊరంతా దాటి రేవుకు నడిచి వెళ్ళాలి. ప్రెసిడెంటు గారు గురువారం పొద్దున నా గదికి వచ్చారు. వెనకాల పాస్టరు గారు, తడిసిన కోడిలా.

"కరుణమ్మ గారూ, ఆ గొడుగులు ఊడదీసెయ్యాలండి."

"ఎందుకండీ?"

"ఎందుకంటారేంటండి? గుడ్డ నాది, దాని మీద గుర్తు ఆయనదా? నా గుడ్డ కప్పుకుని ఆయనకి ప్రచారమా?"

"గొడుగు ఆయనకన్నా ముందొచ్చిందండి. మూడేళ్ళ నుంచి ఆటలో ఉంది."

"ఆట సంగతి మీ పాస్టరు గారు చూసుకుంటారు. ఏమండీ పాస్టరు గారూ?"

పాస్టరు గారు నేల చూశారు. "అందరితో శాంతి సమాధానాలతో ఉండడం మంచిది కదా అమ్మా" అన్నారు. సమాధానం అంటే ఆయన ఉద్దేశం, గట్టిగా మాట్లాడేవాళ్ళ మాట వినడం.

"ఊడదీస్తానండి. కానీ అచ్చు కనిపిస్తుంది" అన్నాను.

"దారాలు లాగేస్తే ఏం కనిపిస్తుందండీ? చిల్లులా? ఎవరు చూస్తారు?"

"చిల్లులు కాదండి, రంగు. ఆ గుడ్డ ఎండకి..."

"లైబ్రరీ కబుర్లు నాకొద్దండి. ఈ గది ఎవరిదో మీకు గుర్తుంది కదా?"

"ఉందండి."

"ఆయ్. రేపు సాయంత్రం వచ్చి చూస్తాను."

రెండు మిషన్లు, ఒక టేబులు, గోడకు తగిలించిన ఇన్నేళ్ళ కాగితపు నమూనాలు. ఆ గదిలోంచి వెళ్ళమంటే బజారులో నాకు ఇంకో గది ఇచ్చేవాళ్ళు లేరు, ఆయన మాట కాదని. గ్రంథాలయం పక్కన అసలే లేదు. ఊడదీస్తానని చెప్పాను. ఆ చెప్పినందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. చెప్పాల్సిన హెచ్చరిక చెప్పాను, వినలేదు. వినిపించుకోనివాడికి రెండోసారి చెప్పడం మన కూలిలో లేదు.

బ్లేడు పని

శుక్రవారం పొద్దున్నే సుశీల వచ్చింది. అప్పటికి టీచరుగా చేరింది, అయినా వేసవికి తన దళం తనదే. కోపంతో ముఖం కందిపోయి ఉంది.

"ఆంటీ, మీరు కూడానా?"

"కూర్చో. ఆ బ్లేడు తీసుకో."

"మా దేశం గుర్తు మేమే ఊడదీసుకోవాలా?"

"వేరేవాళ్ళు ఊడదీస్తే గుడ్డ చింపుతారు. కూర్చో."

కూర్చుంది. బ్లేడు మొనతో నాలుగు కుట్లకొకటి తెంపి, దారం లాగడం చూపించాను. దారం లాగుతూనే సణగడం మొదలెట్టింది.

"దానియేలు మాస్టారు నాకు అక్షరాలు నేర్పేరు. ఆయన గుర్తు నేనే ఊడదీస్తున్నాను. రేపు రేవులో ఆయన కనిపిస్తే ఏం చెప్పను?"

"నమస్కారం పెట్టు. చాలు."

మొదటి గొడుగు ఊడి వచ్చింది. సుశీల అంగీని మడతపెట్టబోయి ఆగింది. లేచి గుమ్మం దగ్గరకు వెళ్ళి వెలుతురులో పట్టుకుంది.

తెల్ల గుడ్డ కింద మూడేళ్ళూ ఎండ తగల్లేదు. అక్కడ నీలం తాను విప్పిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. చుట్టూ బూడిద. మధ్యలో చిక్కటి నీలం గొడుగు, కాడతో సహా, వంపుతో సహా.

"ఆంటీ, ఇది..."

"ఆయనకి చెప్పేను. ఒకసారి గుడ్డ ఇచ్చేటప్పుడు, ఒకసారి నిన్న."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత బ్లేడు ఎంత జోరుగా నడిచిందంటే గుడ్డ తెగుతుందేమోనని నేనే కోప్పడాల్సి వచ్చింది.

సాయంత్రం ప్రెసిడెంటు గారు వచ్చారు. నా గది లోతైనది, ఒకే బల్బు, అదీ గుడ్డిది. ఆ వెలుతురులో బూడిద రంగు మీద నీలం కంటికి ఆనదు. ఆయన అంగీల వైపు అసలు చూడనే లేదు. టేబులు మీద పోగేసిన తెల్ల గొడుగుల వైపు చూశారు. తృప్తిగా తల ఆడించారు.

"ఇవి నాకిచ్చెయ్యండి. మళ్ళీ ఎవరైనా కుట్టేస్తారు."

"తీసుకెళ్ళండి. సంచి కావాలా?"

తెల్ల గొడుగులన్నీ సంచిలో కుక్కుకుని తీసుకెళ్ళారు. గుర్తంటే కుట్టిన గుడ్డ ముక్క అనుకునేవాళ్ళు ఇలాగే చేస్తారు.

రేవులో

శనివారం పొద్దున ఎండ బాగా ఉంది. గొడుగు దళం పేటలోంచి బయల్దేరి బజారులోకి రాగానే కొట్లవాళ్ళు లేచి నిలబడ్డారు. తెల్ల గొడుగులున్న రోజుల్లో ఎవరూ లేవలేదు. అలవాటైన బొమ్మ, చూసి వదిలేసేవారు. ఇప్పుడు అందరూ కళ్ళు చికిలించి చూస్తున్నారు. "గొడుగులు తీయించేసేరంటగా?" "తీయించేస్తే అదేంటండీ మరి?" తెలియనివాళ్ళకు తెలిసినవాళ్ళు చెబుతున్నారు. ఒక వార్త ఊరంతా తిరగాలంటే దాన్ని ఎవరో దాచడానికి ప్రయత్నించాలి. ఈ సంగతి కూడా ఆయనకు ఎవరూ చెప్పలేదనుకుంటాను.

రేవులో ప్రెసిడెంటు గారు ముందే వచ్చి ఉన్నారు. మకాం పిల్లలకు కొబ్బరి బొండాలు పంచడానికి, నలుగురూ చూస్తుండగా. అవతల ఒడ్డు నుంచి జనం దిగుతున్నారు, ఇటువైపు వాళ్ళు ఎక్కుతున్నారు. దానియేలు మాస్టారు కూడా ఓ పక్కన ఉన్నారు, నిజం గొడుగు వేసుకుని. ఎండకు వేసుకున్నారో ప్రచారానికి వేసుకున్నారో నేను అడగలేదు.

సరంగు గట్టు మీద నిలబడి ఎప్పటిలాగే పిలుస్తున్నాడు. తాళంచెవి ఎక్కింది. పడవ గుర్తు ఎక్కింది. వెలిసిన నీలం అంగీల వరస దగ్గరికొచ్చింది. అతను చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని చూశాడు.

"ఆయ్, గొడుగోళ్ళు రండి, గొడుగోళ్ళు."

బొండాం కొట్టే కత్తి చప్పుడు ఆగింది.

"ఏ గొడుగు? ఎక్కడుందిరా గొడుగు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

సరంగుకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అమాయకుడు. వేలు పెట్టి చూపించాడు.

"అదేనండి. కొత్తది వేయించేరు కదండీ. పాతదానికన్నా ఇదే బాగుందండి."

ఎవరూ పెద్దగా నవ్వలేదు. మా వైపు మనుషులు మర్యాదస్తులు. పమిటలు, కండువాలు నోటికి అడ్డం వెళ్ళాయి, అంతే. సుశీల దానియేలు మాస్టారికి నమస్కారం పెట్టి పడవెక్కింది. ఆయన గొడుగు కాస్త పక్కకు వంచి ఆశీర్వదించారు.

ప్రెసిడెంటు గారు నా వైపు వచ్చారు.

"ఏం చేసేరండి మీరు?"

"మీరు చెప్పింది చేసేనండి. గుడ్డ మీరిచ్చింది, ఎండ దేవుడిచ్చింది. ఊడదియ్యడం ఒక్కటే నాది."

సన్మానం తెర

దానియేలు మాస్టారు గెలిచారు. నా అంగీల వల్లే గెలిచారని ఊళ్ళో కొందరు ఇప్పటికీ అంటారు. వాళ్ళను చూస్తే నాకు జాలి. పేటకు మంచినీళ్ళ కుళాయి ఎన్నేళ్ళు రాలేదో, వానాకాలం శవాన్ని మోసుకెళ్ళడానికి ఎంత బురద తొక్కాలో తెలిసినవాళ్ళు ఓటేశారు. ఒక బొమ్మ మనిషిని దూరం నుంచి పోల్చుకోవడానికి పనికొస్తుంది. పోల్చుకున్నాక ఆ మనిషికి ఓటెయ్యాలో వద్దో బొమ్మ చెప్పదు. గుర్తు కుట్టేవాళ్ళు తమ సూదిని అంతకన్నా పెద్దదనుకోకూడదు.

గది ఖాళీ చెయ్యమని కబురు వస్తుందని కాగితపు నమూనాలన్నీ చుట్టి పెట్టుకున్నాను. కబురు రాలేదు. ఆయనే వచ్చారు. గుమ్మంలో నిలబడి లోపలికి రాకుండా చాలాసేపు గొంతు సవరించుకున్నారు.

కొత్త సర్పంచికి ఊరి తరఫున సన్మానమట. పెద్దమనిషిగా ఈయనే అధ్యక్షత వహించాలట. లేకపోతే ఏడుపు మొహం పెట్టుకున్నాడని అంటారట. వేదిక వెనకాల కట్టడానికి తెర కావాలి.

"ఎర్ర గుడ్డ తెచ్చేనండి. ఈసారి మంచిదే" అన్నారు. తడిపి తెల్ల గుడ్డ మీద రుద్దాను. నిజంగానే మంచిది.

"గొడుగు పెట్టమంటారా?" అన్నాను.

"ఆయ్. పెట్టాలి కదండీ మరి." ఎర్ర గుడ్డ మడత సవరించారు. "చిన్నది పెట్టండి."

"చిన్నదైతే వెనక వరసకి కనపడదండి. రెండు జానలుండాలి. మీ ఇంట్లో సంచిడున్నాయి కదా, ఒకటి పట్రండి. మళ్ళీ కొయ్యక్కర్లేదు."

వెళ్ళిపోయారు. పాలేరుతో పంపిస్తారనుకున్నాను. మర్నాడు పొద్దున ఆయనే వచ్చారు, కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని. టేబులు మీద పెట్టి విప్పారు. నా తెల్ల గొడుగు. మూడేళ్ళ మట్టి, చెమట, గోదారి నీళ్ళ మరక ఏమీ లేదు. ఇస్త్రీ కూడా చేసి ఉంది.

"ఉతికించేనండి" అన్నారు.

నేను దాన్ని ఎర్ర గుడ్డ మధ్యలో పరిచి, చుట్టూ సుద్దతో గీశాను. ఎరుపు మీద తెలుపు బాగా కనిపిస్తుంది.